క్రిస్మస్ శుభాకాంక్షలు ఎవరికి ఎలా రాయాలి: జాబితా నుంచి సంతకం దాకా

డిసెంబరు వచ్చిందంటే నాకు ఒకే ప్రశ్న పదిసార్లు వస్తుంది. "అక్కా, అత్తగారికి ఏం రాయను?" "పాస్టర్ గారికి మెసేజ్ పెట్టాలి, కాస్త రాసి పెట్టవా?" "మా బాస్ హిందువు, ఆయనకి బైబిల్ వాక్యం పెట్టొచ్చా?" ఇన్నేళ్లలో విడివిడిగా చెప్పినవన్నీ ఈసారి ఒక వరుసలో పెడుతున్నాను.

ముందే ఒక మాట. రాయడం రాదని చాలామంది టెన్షన్ పడతారు. నిజానికి కష్టం తెలుగుతో కాదు. ఎదుటి మనిషిని ఒక్క నిమిషం తలుచుకోకుండా పెన్ను పట్టుకోవడం వల్లే మాటలు రావు. అందుకే ఇందులో సగం పని రాయడానికి ముందే ఉంది.

1. ముందు జాబితా వేసుకోండి

డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం అరగంట కేటాయించండి. ఫోన్‌లోని కాంటాక్ట్స్ చూసి వేయొద్దు. అందులో గ్యాస్ బుక్ చేసే నంబరు కూడా ఉంటుంది. కాగితం తీసుకుని, ఈ ఏడాది మీ ఇంట్లో జరిగిన సంగతులు నెలలవారీగా తలుచుకోండి. జనవరిలో ఎవరు వచ్చారు, ఎండాకాలంలో ఎవరింటికి వెళ్లారు, ఆసుపత్రిలో ఉన్నప్పుడు క్యారేజీ తెచ్చింది ఎవరు, పిల్లాడి ఫీజుకి తక్కువైతే సర్దింది ఎవరు. పేర్లు వాటంతట అవే వస్తాయి.

ఆ పేర్లను మూడు గుంపులు చేయండి.

- చేత్తో కార్డు లేదా ఉత్తరం రాయాల్సినవాళ్లు: ఐదారుగురు చాలు.
- పేరు పెట్టి విడిగా మెసేజ్ పంపాల్సినవాళ్లు: పదిహేను, ఇరవై మంది.
- నోటితో చెప్పాల్సినవాళ్లు: చదవడం రానివాళ్లు, చూపు తగ్గినవాళ్లు, రోజూ గుమ్మంలో కనిపించేవాళ్లు.

ఇంకా మిగిలినవాళ్లకి "క్రిస్మస్ శుభాకాంక్షలు" అన్న ఒక్క మాట పంపితే సరిపోతుంది. అందులో తప్పేమీ లేదు. అందరికీ మనసు విప్పి రాయాలనుకుంటే చివరికి ఎవరికీ రాయలేం.

ఇప్పుడు ఆ జాబితాలో రెండు రకాల పేర్ల పక్కన చుక్క పెట్టండి. ఈ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇళ్లకి ఒక చుక్క. డిసెంబరు 25ను పండుగగా ఆచరించని సంఘాల వాళ్లకి ఇంకో చుక్క. మన తెలుగువాళ్లలో అలాంటి విశ్వాసులు చాలామందే ఉన్నారు. వాళ్లకి క్రిస్మస్ కార్డు పంపి ఇబ్బంది పెట్టకుండా, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి ముందు నూతన సంవత్సర వందనాలు పంపండి.

2. ప్రతి పేరు పక్కన ఒక్క సంగతి రాయండి

ఈ మెట్టు దాటేస్తే మిగతావన్నీ వృథా. పేరు పక్కన, ఆ మనిషికీ మీకూ మాత్రమే తెలిసిన ఒక చిన్న సంగతి నాలుగు మాటల్లో రాసుకోండి. మంచితనం, ప్రేమ, త్యాగం లాంటి మాటలు వద్దు. కంటికి కనిపించేది, చెవికి వినిపించేది కావాలి.

నా పాత జాబితా ఒకటి ఇప్పుడు నా ముందుంది. అందులో ఇలా ఉంది:

- పెద్దమ్మ: అరిసెల పాకం, నీళ్లగిన్నెలో చుక్క వేసి చూపించడం
- సండే స్కూల్ టీచర్: నాటికలో నా గొర్రెల కాపరి తలపాగా ఊడితే వెనకనుంచి పట్టుకుంది
- పక్కింటి వాళ్లు: కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టర్ నుంచి మనకి వైరు లాగారు
- బాబాయి: క్యారల్స్‌లో డోలక్

ఇలాంటిది ఒక్కటి దొరికితే ఉత్తరం సగం రాసేసినట్టే. ఎంత ఆలోచించినా దొరకకపోతే, ఆ పేరును రెండో గుంపులోంచి తీసి మామూలు శుభాకాంక్షల గుంపులో పెట్టండి. లేని దగ్గరతనాన్ని మాటల్లో చూపిస్తే చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

3. నాలుగు ముక్కల్లో కూర్చండి

ఎంత చిన్న శుభాకాంక్షకైనా ఈ వరుస పనికొస్తుంది:

1. పిలుపు
2. ఆ ఒక్క సంగతి
3. వాళ్లకి ఇప్పుడు కావాల్సినదాన్ని కోరుకోవడం, లేదా ప్రార్థన
4. తర్వాత ఎప్పుడు కలుస్తారో, ఆపైన సంతకం

మూడో ముక్క దగ్గరే అందరూ జారిపోతారు. "సుఖసంతోషాలు, ఆయురారోగ్యాలు, అష్టైశ్వర్యాలు" అని వరుసగా పేర్చేస్తారు. దానికి బదులు ఒక్కటే కోరండి. మోకాళ్ల నొప్పితో ఉన్నవాళ్లకి నొప్పి తగ్గాలని, ఉద్యోగం వెతుక్కునే కుర్రాడికి జనవరిలో మంచి కబురు రావాలని, కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లకి స్లాబు పని ఆగకుండా సాగాలని. ఇంటి సంగతి తెలిసిన మనిషే ఇలా కోరగలరు.

నాలుగో ముక్క చిన్నదే కానీ ఎక్కువ పని చేస్తుంది. "వీలైతే కలుద్దాం" అని రాయకండి. "26 సాయంత్రం వస్తాం" అనో, "ఆదివారం ఫోన్ చేస్తా" అనో రాయండి. రాశాక ఆ మాట నిలబెట్టుకోండి.

మొత్తం ఐదారు వాక్యాలు దాటనక్కర్లేదు.

4. పిలుపు సరిగ్గా పెట్టండి

ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే రాయండి. ఏడాదంతా "పిన్నీ" అని పిలిచి కార్డులో "ప్రియమైన పిన్నిగారికి" అంటే ఆవిడకి ఎవరో రాసినట్టు ఉంటుంది. కొన్ని ఇళ్లలో నాన్నని "నువ్వు" అంటారు, కొన్ని ఇళ్లలో "మీరు" అంటారు. రెండూ గౌరవమే. మొదటి వాక్యంలో "మీరు", మూడో వాక్యంలో "నువ్వు" రాకుండా మాత్రం చూసుకోండి. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా టైప్ చేసినప్పుడు ఈ తప్పు బాగా దొర్లుతుంది.

సంఘంలో పెద్దలకి "వందనాలు" అనే మాటకి సాటి లేదు. కథోలిక ఇళ్లలో ఫాదర్ గారు, సిస్టర్ గారు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో చాలాచోట్ల పాస్టర్‌ని అయ్యగారు, ఆయన భార్యని అమ్మగారు అంటారు. రాసేటప్పుడు అమ్మగారిని మరిచిపోవద్దు. పండుగ నెలలో పాస్టర్ గారింటికి వచ్చే కార్డుల్లో సగం ఆయన ఒక్కరి పేరుమీదే ఉంటాయి. వచ్చినవాళ్లందరికీ టీ పెట్టేది ఆవిడ.

5. చదివేవాళ్ల తెలుగులో రాయండి

ఇది చాలామందికి తట్టని విషయం. చర్చిలో పెరిగిన మనకి కొన్ని మాటలకి ఒక అర్థం ఉంటుంది, బయటివాళ్లకి ఇంకో అర్థం. "మీ కుటుంబానికి సమాధానం కలుగును గాక" అని హిందూ స్నేహితురాలికి రాశారనుకోండి. మనకి సమాధానం అంటే శాంతి. ఆమెకి సమాధానం అంటే ప్రశ్నకి జవాబు. పాపం, నేనేం అడిగానా అని ఆలోచిస్తుంది.

సంఘం బయటివాళ్లకి రాసేటప్పుడు ఇలా మార్చుకోండి:

- సమాధానం అనే చోట: శాంతి, మనశ్శాంతి
- పరిచర్య అనే చోట: సేవ, మీరు చేసిన సాయం
- కృప అనే చోట: దయ, దేవుడి దయ
- సహవాసం అనే చోట: స్నేహం, కలిసి ఉండటం
- రక్షణ అనే మాట అక్కడ వద్దు. విన్నవాళ్లకి కాపలా గుర్తొస్తుంది.

మీరు క్రైస్తవులు కాకపోయి, క్రైస్తవ మిత్రులకి రాస్తుంటే "క్రిస్మస్ శుభాకాంక్షలు" చక్కగా సరిపోతుంది. రాని చర్చి భాష తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. వాళ్లింట్లో తిన్న కేకు ముక్క, పిల్లలు పాడిన పాట, గుమ్మానికి కట్టిన స్టార్, వీటిలో ఏదో ఒకటి తలుచుకోండి.

అలాగే మీరు క్రైస్తవులై, పండుగ చేసుకోని స్నేహితులకి రాస్తుంటే, "మీకు క్రిస్మస్ శుభాకాంక్షలు" కన్నా "మా పండుగ పూట మిమ్మల్ని తలుచుకుంటున్నాం" అనే మాట నాకు ఎక్కువ నచ్చుతుంది. పండుగ మనది, పంచుకునేది వాళ్లతో.

6. ఎవరికి ఎలా

అమ్మమ్మ, నానమ్మ, తాతయ్య

అక్షరాలు పెద్దవిగా, నల్ల సిరాతో రాయండి. మెరుపు కాగితం మీద బంగారు రంగు పెన్ను వాళ్ల కళ్లకి ఆనదు. వాళ్లకి చదివి వినిపించేది ఎవరో ముందే ఊహించుకోండి. మా అమ్మమ్మకి చదువు రాదు. మా ఉత్తరాలు ఎదురింటి పిల్ల వచ్చి చదివేది. ఒకసారి మా అక్క తన కష్టం ఏదో అందులో రాసేసింది. అది ఆ పిల్ల నోటివెంట అందరి ముందూ బయటికి వచ్చేసింది. అప్పటినుంచి అమ్మమ్మకి రాసే ప్రతి వాక్యం ముందు పైకి చదువుకుంటాను.

"అమ్మమ్మా, క్రిస్మస్ వందనాలు. నిన్న కజ్జికాయలు చేస్తుంటే అంచులన్నీ నూనెలో విడిపోయాయి. నువ్వు బొటనవేలితో నొక్కుతూ మడత వేసుకుంటూ పోయే తీరు గుర్తొచ్చింది. సంక్రాంతికి వచ్చినప్పుడు నీ పక్కన పీట వేసుకుని నేర్చుకుంటా. నీ మోకాళ్ల నొప్పి తగ్గాలని రోజూ ప్రార్థన చేస్తున్నా. తెల్లారి ఆరాధనకి చీకట్లో ఒక్కదానివే నడిచి వెళ్లకు, తమ్ముణ్ని బండి తెమ్మను."

చివరి వాక్యంలో శుభాకాంక్ష అనే మాటే లేదు. ఆవిడ పదిమందికీ చెప్పుకునేది మాత్రం ఆ వాక్యమే.

అమ్మానాన్నలు

వీళ్లకి రాయడమే మనకి సిగ్గు. థాంక్స్ చెప్పడం అలవాటు లేదు. అందుకే "మీరు నాకోసం ఎన్నో చేశారు" అనకుండా ఒక్క రోజు గురించి రాయండి. నాన్న ఏ సంవత్సరం తన చొక్కా మానుకుని మీకు కొత్త గౌను కొన్నాడో, అమ్మ రాత్రి రెండింటిదాకా మెషీన్ ముందు కూర్చుని ఆ గౌనుకి లేసు కుట్టిందో, అది. ఇద్దరికీ కలిపి ఒకటి కాకుండా, విడివిడిగా రెండు ముక్కలు రాయండి.

భార్య, భర్త

పెద్దగా చెప్పేదేమీ లేదు. కవిత్వం వద్దు. ఈ ఏడాది ఇద్దరూ కలిసి దాటిన ఒక కష్టమైన వారం గురించి నాలుగు వాక్యాలు రాసి, పండుగ బట్టల మడతలో పెట్టండి.

పిల్లలు

మార్కుల ఊసు ఎత్తొద్దు. "వచ్చే ఏడాది బాగా చదవాలి" అన్న మాట పడగానే అది కార్డు కాదు, ప్రోగ్రెస్ రిపోర్టు అయిపోతుంది. వాళ్లు చేసిన ఒక పనిని మీరు గమనించారని చెప్పండి. "చెల్లి ఏడుస్తుంటే నీ క్రేయాన్స్ ఇచ్చేశావు, నేను వంటింట్లోంచి చూశాను." ఏడెనిమిదేళ్ల పిల్లలకి ఇంతే చాలు. హాస్టల్‌లో ఉన్న పిల్లలకైతే ఇంట్లో ఏం మారింది, కుక్క ఎలా ఉంది, వాళ్ల మంచం మీద ఇప్పుడు ఎవరు పడుకుంటున్నారు, ఇవన్నీ రాయండి.

అయ్యగారు, అమ్మగారు, సండే స్కూల్ టీచర్

"మీ ప్రసంగాలు మాకు ఎంతో ఆశీర్వాదకరం" అని అందరూ రాస్తారు. ఏ ప్రసంగం, ఏ రోజు అన్నది రాయండి. లేదా ప్రసంగం కాని సంగతి రాయండి.

"అయ్యగారికి, అమ్మగారికి వందనాలు. జులైలో నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు రాత్రి పదకొండింటికి వర్షంలో తడుస్తూ వచ్చారు. ఆ రాత్రి మీరు చేసిన ప్రార్థన తర్వాతే అమ్మ కాసేపు కన్ను మూసింది. ఈ నెలంతా సెమీ క్రిస్మస్ కూడికలతో మీకు ఇంటిపట్టున ఉండే తీరిక ఉండదని తెలుసు. పండుగ రోజైనా మీరిద్దరూ పిల్లలతో కూర్చుని వేడిగా భోంచేసే సమయం దేవుడు ఇవ్వాలని కోరుకుంటున్నాం."

దీన్ని 24 రాత్రి పంపకండి. ఆ రాత్రి వాళ్ల ఫోన్ మోగుతూనే ఉంటుంది. 18, 20 తేదీల మధ్య పంపితే తీరిగ్గా చదువుకుంటారు.

ఆఫీసులో

పై అధికారికి మూడు వాక్యాలు చాలు. పనికి సంబంధించిన ఒక్క సంగతి, ఒక మంచి మాట, పేరు. "సార్, మా పండుగ పూట మిమ్మల్ని తలుచుకున్నాను. మార్చిలో ఆడిట్ ఒత్తిడిలో కూడా మా అమ్మాయి పరీక్షకి నన్ను ముందే పంపించారు. మీకు, మీ ఇంట్లో అందరికీ కొత్త సంవత్సరం బాగుండాలి." బైబిల్ వాక్యం పెట్టొచ్చా అని అడుగుతారు. ఆయన ఎప్పుడైనా మీ విశ్వాసం గురించి ఆసక్తిగా అడిగి ఉంటే పెట్టండి. లేదంటే మీ నడవడి చాలు. సెలవు, ఇంక్రిమెంటు మాటలు అందులో కలపొద్దు.

గుమ్మం దగ్గరివాళ్లు

పాలు పోసే అతను, ఇంట్లో పనిచేసే ఆమె, వాచ్‌మన్. వీళ్లకి మెసేజ్ కన్నా నోటిమాట మేలు. స్వీటు ప్లేటు చేతికిస్తూ పేరుపెట్టి పిలిచి ఒక్క మాట చెప్పండి: "వానల్లో ఒక్క పూట కూడా పాలు ఆపలేదు నువ్వు." కార్డు ఇస్తే వాళ్ల పిల్లల పేర్లు కూడా అందులో ఉండాలి. స్పెల్లింగ్ ముందే అడిగి తెలుసుకోండి.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లు

మన గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎందరో. అక్కడ 25వ తేదీ సెలవు కాదు. మనం కొత్త బట్టలతో ఫొటో దిగే వేళకి వాళ్లు ఇంకొకరి వంటింట్లో ఉంటారు. "ఎంజాయ్ చేయి" అని రాస్తే మనసు గుచ్చుకుంటుంది. వాళ్లకి కావాల్సింది ఇంటి కబురు. "అక్కా, అక్కడ నీకు ఇవాళ కూడా పనేనని తెలుసు. నువ్వు పంపిన డబ్బుతో చిన్నదానికి తెల్ల గౌను కొన్నాం. చర్చిలో స్టేజీ ఎక్కి వాక్యం తడుముకోకుండా చెప్పింది. దిగి వచ్చి 'అమ్మ చూసిందా' అని అడిగింది. వీడియో పంపుతున్నా, రాత్రి పడుకునే ముందు చూసుకో." కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. వాళ్ల పని ముగిసే వేళ చూసి పంపండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి రోజే తేడా వస్తుంది. విజయవాడలో 25 ఉదయం ఆరు అయితే డల్లాస్‌లో ఇంకా 24 సాయంత్రం ఆరున్నర. అది వాళ్లు చర్చికి బయల్దేరే వేళ. మన 25 రాత్రి ఏడు గంటలకి పంపితే వాళ్లకి పండుగ పొద్దున ఏడున్నరకి అందుతుంది.

దుఃఖంలో ఉన్న ఇల్లు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నేను చేసిన తప్పు వల్లే నేర్చుకున్నాను. ఒక ఏడాది పనుల హడావిడిలో అందరికీ ఒకే మెసేజ్ పంపాను: "మీ ఇంట ఆనందం వెల్లివిరియాలి." ఆ జాబితాలో అక్టోబరులో భర్తని పోగొట్టుకున్న మా అత్తయ్య నంబరు కూడా ఉంది. ఆవిడ ఏమీ అనలేదు, "థాంక్స్ అమ్మా" అని పెట్టింది. ఆ రెండు మాటలు చూసి రోజంతా నాకు అన్నం సహించలేదు. సాయంత్రం వెళ్లి ఆవిడ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత నేను పెట్టుకున్న నియమాలు ఇవి:

- "శుభాకాంక్షలు", "ఆనందం", "హ్యాపీ" అనే మాటలు వాడకూడదు.
- పోయిన మనిషి పేరో, వరసో తప్పకుండా రాయాలి. అందరూ ఆ పేరు దాటేస్తుంటే ఇంట్లోవాళ్లకి ఇంకా ఒంటరిగా ఉంటుంది.
- "ఆయన మంచి చోట ఉన్నారు, ఏడవకండి" అని చెప్పకూడదు. ఏడవడానికి వాళ్లకి హక్కుంది.
- రంగుల బొమ్మలు, గంటలు, బెలూన్లు ఉన్న కార్డు పంపకూడదు. తెల్ల కాగితం చాలు.
- చివర చేతల్లో చూపే మాట ఒకటి ఉండాలి.

"అత్తయ్యా, వందనాలు. ఈ పండుగకి మామయ్య లేరు. ఏం రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర నిలబడి పిల్లలందరికీ కొత్త పది రూపాయల నోటు ఇచ్చేవారు. నేను దాచుకున్న నోటు ఒకటి ఇంకా నా బైబిల్లో ఉంది. 26 మధ్యాహ్నం వస్తాను. వంట పెట్టుకోకండి, నేనే తెస్తాను."

ఈ ఉత్తరం క్రిస్మస్‌కి మూడు నాలుగు రోజుల ముందు అందేలా చూడండి. పండుగ ఉదయం వాళ్లకి చదివే ఓపిక ఉండదు.

మాటలు లేని బంధువు

పొలం గట్టు దగ్గరో, పెళ్లి పిలుపు దగ్గరో తెగిపోయిన బంధాలు ప్రతి ఇంట్లో ఒకటి ఉంటాయి. పండుగ ఒక సాకు ఇస్తుంది, వాడుకోండి. కానీ మూడు జాగ్రత్తలు. గొడవ ఊసు వద్దు. "నేను నిన్ను క్షమించాను" అని రాయొద్దు, అది తప్పు నీదే అని చెప్పడమే. జవాబు అడగొద్దు.

"అన్నయ్యా, క్రిస్మస్ వందనాలు. నిన్న రాత్రి క్యారల్స్ వాళ్లు వచ్చినప్పుడు నువ్వూ నేనూ పెట్రోమాక్స్ లైటు మోసుకుంటూ తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. వదినకి, పిల్లలకి మా అందరి వందనాలు. నువ్వు బాగుండాలి." ఇంతే. జవాబు రాకపోతే వచ్చే ఏడాది మళ్లీ రాయండి. మా ఇంట్లో ఒక జవాబు మూడో ఏడాది వచ్చింది.

7. వాక్యం పెడితే సరిచూసి పెట్టండి

విశ్వాసులకి రాసేటప్పుడు వాక్యం అందమే. ఒక్కటి చాలు. అది కార్డులో చివరికి రావాలి, మీ మాటల తర్వాత. మొదట్లోనే నాలుగు లైన్ల వాక్యం పెడితే మీరు రాసింది ఎవరూ చదవరు.

పండుగకి తగినవి: యెషయా 9:6, మత్తయి 1:23, లూకా 2:10-11, లూకా 2:14. దుఃఖంలో ఉన్నవాళ్లకి కీర్తనలు 34:18.

అంకెలు గుర్తుమీద రాయకండి, బైబిల్ తెరిచి చూసి రాయండి. యెషయా 9:6 బదులు తిరగేసి 6:9 అని వేసిన కార్డు నేను చూశాను. మొదటిది "మనకు శిశువు పుట్టెను" అనే వాగ్దానం. రెండోది వింటూ ఉన్నా గ్రహించని జనాన్ని గురించిన గద్దింపు. అచ్చు వేయించే కార్డైతే ప్రూఫ్ రెండుసార్లు చూడండి.

8. రాసే పద్ధతి, పంపే వేళ

కార్డు మీద నేరుగా రాయొద్దు. పాత నోటుబుక్కులో చిత్తు రాసి, ఒకసారి పైకి చదివి, నోరు తిరగని చోట మార్చి, అప్పుడు ఎక్కించండి. ఒక్క విడతలో ఐదు కార్డులు మించి రాయకండి. ఆరోదానికి చెయ్యి కాదు, మనసు అలిసిపోతుంది. మాటలు ఒకేలా వచ్చేస్తాయి.

- పోస్టులో పంపేవి: మన దేశంలోకైతే డిసెంబరు 12 లోపు డబ్బాలో వేయండి. విదేశాలకి నవంబరులోనే.
- కవరు మీద చిరునామాలో పిన్‌కోడ్, మీ చిరునామా రెండూ ఉండాలి.
- వాట్సాప్ మెసేజ్: నోట్స్‌లో ముందే రాసి ఉంచుకుని, ఆ రోజు ఒక్కొక్కరికీ కాపీ చేసి పంపండి.
- వాయిస్ మెసేజ్: అర నిమిషం నుంచి నిమిషం లోపు. వెనక టీవీ, మిక్సీ మోగకుండా చూసుకోండి. చూపు తగ్గిన పెద్దవాళ్లకి ఇదే మేలు, మళ్లీ మళ్లీ వింటారు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు (వాట్సాప్‌లో ఒకే మెసేజ్ ఒకేసారి చాలామందికి పంపే జాబితా) వాడేవాళ్లకి ఒక సంగతి. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకి అది చేరదు. అందరికీ వెళ్లిందనుకుని నిశ్చింతగా ఉండొద్దు.

9. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

పేరు మార్చడం మరిచిపోవడం. పిన్నికి రాసింది కాపీ చేసి మేనత్తకి పంపేటప్పుడు "పిన్నీ" అలాగే ఉండిపోతుంది. వాట్సాప్‌లో పంపాక పదిహేను నిమిషాలదాకా ఎడిట్ చేయొచ్చు. ఆ సమయం దాటితే దాచొద్దు, ఫోన్ చేసి చెప్పేయండి.

ఫార్వర్డ్ బొమ్మ. పైన "ఫార్వర్డెడ్" అని కనిపిస్తూనే ఉంటుంది. బొమ్మే పంపాలనుకుంటే మీ ఇంటి స్టార్ ఫొటో తీసి పంపండి, మసగ్గా వచ్చినా పర్వాలేదు.

అక్షర దోషాలు. "శుభాకాంక్షలు"లో "కాం" తర్వాత "క్ష" ఉండాలి, "శుభాకాంషలు" తప్పు. "హార్దిక"లో మామూలు "ది". "హార్థిక" అని రాయకండి. "ఆశీర్వాదాలు"లో "శీ"కి దీర్ఘం పోకూడదు. వాయిస్ టైపింగ్ వాడితే పేర్లు తప్పకుండా మళ్లీ చూసుకోండి.

లెక్క తేల్చడం. "పోయినేడు నేను పంపాను, మీరు పంపలేదు" అని సరదాకి కూడా రాయొద్దు.

ఆలస్యం. 25 దాటిపోయిందా? కథోలిక సంప్రదాయంలోనూ, సి.ఎస్.ఐ. లాంటి సంఘాల్లోనూ క్రిస్మస్ కాలం జనవరి మొదటి వారంలోనూ సాగుతుంది. క్షమాపణలతో మూడు వాక్యాలు ఖర్చు చేయకుండా నేరుగా ఆ ఒక్క సంగతితో మొదలుపెట్టి పంపేయండి.

10. పంపే ముందు ఒక్కసారి

☐ పిలుపు ఇంట్లో పిలిచేదేనా?
☐ మీరు, నువ్వు కలిసిపోలేదు కదా?
☐ ఆ ఒక్క సంగతి ఉందా? పేరు తీసేసి ఇంకొకరికి పంపగలిగేలా ఉంటే మళ్లీ రాయండి.
☐ కోరిక ఒక్కటేనా, వాళ్లకి నిజంగా కావాల్సినదేనా?
☐ ఆ ఇంట్లో ఈ ఏడాది ఎవరైనా పోయారా?
☐ ఇంకొకరు పైకి చదివితే ఇబ్బంది కలిగే మాట ఏదైనా ఉందా?
☐ వాక్యం అంకెలు బైబిల్లో చూశారా?
☐ వస్తానని రాసిన తేదీ మీ క్యాలెండర్‌లో రాసుకున్నారా?

పంపాక జాబితా కాగితం పారేయకండి. వచ్చిన జవాబుల్లో కొత్త సంగతులు ఉంటాయి: ఎవరికో మనవడు పుట్టాడని, ఎవరో ఇల్లు మారారని. అవి ఆ పేర్ల పక్కనే రాసి, కాగితం మడిచి క్రిస్మస్ స్టార్ పెట్టే అట్టపెట్టెలో వేయండి. వచ్చే డిసెంబరులో స్టార్ బయటికి తీసినప్పుడు అదీ చేతికి వస్తుంది.